గోళ్ళ కింది మట్టి

అద్దాల మేస్త్రి గోళ్ళ కింద ఎర్రమట్టి ఎప్పుడూ ఉంటుంది. నిజానికి అది మట్టి కాదు, కళ్ళజోడు అద్దాలకు మెరుగు పెట్టే పొడి. ఎంత సబ్బు పెట్టి తోమినా గోటి అంచున ఒక సన్నని గీత మిగిలే తీరుతుంది. ఇరవై ఏడేళ్ళుగా ఆయన చేస్తున్న పని అదే. ఆ వీధిలో సగం మంది పేపరు చదవగలుగుతున్నారంటే ఆయన చేతి చలవే.

శనివారం సాయంత్రం షట్టరు సగానికి దించాక మాత్రం ఆయన పని మారిపోతుంది. అప్పుడు దేవుళ్ళను తయారు చేస్తాడు.

వేల ఏళ్ళ కిందట సుమేరు దేశంలో జనం మొక్కిన దేవుళ్ళు వాళ్ళు. ఇప్పుడు వాళ్ళకు దీపం పెట్టే దిక్కు లేదు. మేస్త్రి వాళ్ళను తెచ్చి ఒక ఆటలో కూర్చోబెట్టాడు. బల్ల చుట్టూ చేరినవాళ్ళలో ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర పట్టుకుంటారు. "నేను గోడ దూకుతాను" అని ఎవరైనా అంటే, దూకారో కాలు విరగ్గొట్టుకున్నారో పాచిక తేలుస్తుంది. ఒక్కో పాత్రకున్న బలం, కిరీటం, కత్తి అన్నీ ఒక కాగితం మీద పెన్సిలుతో రాసి ఉంటాయి. పోగొట్టుకున్నదాన్ని రబ్బరుతో చెరిపేయాలి.

కథ నడిపేది మేస్త్రి. ఆడేది ఇద్దరు: హైస్కూల్లో లెక్కలు చెప్పే టీచరమ్మ, సిటీ బస్సు కండక్టరు. నాలుగో కుర్చీ ఖాళీ. దాని ముందు మేస్త్రి స్వయంగా నీలం గాజును అరగదీసి చేసిన పాచిక ఒకటి ఉంటుంది. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

"సీటు ఖాళీగా పెట్టుకుని బండి తోలితే మా డిపోలో మెమో ఇస్తారు మేస్త్రీ," అన్నాడు కండక్టరు, సంచీ పెట్టడానికి చోటు లేక ఒళ్ళో పెట్టుకుంటూ.

"ఆ సీటు రిజర్వేషనయ్యా."

"నాలుగేళ్ళ నుంచా? ఎక్కాల్సినావిడ ఏ స్టాపులో ఉందో పాపం."

మేస్త్రి నవ్వలేదు. ఎక్కాల్సినావిడ ఆయన అక్క.

ఆ దేవుళ్ళను ఆయనకు పరిచయం చేసింది అక్కే. అమ్మానాన్నా పోయేనాటికి ఆయనకు తొమ్మిదేళ్ళు, ఆమెకు పదిహేడు. చదువు మానేసి ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో చేరింది. సాయంత్రం అన్నం కలుపుతూ, ఎక్కడో చదివిన ఆ కథలు చెప్పేది. యుద్ధానికీ ప్రేమకూ దేవత ఇనాన్న, తన అక్క ఏలే పాతాళానికి దిగడం. ఏడు ద్వారాల దగ్గరా కిరీటం, నీలిరాళ్ళ దండ, చివరికి ఒంటిమీది బట్ట కూడా ఇచ్చేయడం. పెద్దయ్యాక మేస్త్రి దాన్ని ఆటగా మలిచినప్పుడు, ఇనాన్న పాత్రను అక్కకు కాక ఇంకొకరికి ఇచ్చే ప్రశ్నే రాలేదు.

ఆ శనివారం టీచరమ్మ ఆట నియమాలన్నీ శుభ్రంగా తిరగరాసి తెచ్చింది. ఊరవతల ఇంకో జట్టు తామూ ఆడతామని అడిగిందట. పాతాళం అధ్యాయం దగ్గర ఆవిడ వేలు ఆగింది. పక్కన లైబ్రరీ నుంచి తెచ్చిన లావుపాటి పుస్తకం తెరిచి ఉంది.

"మేస్త్రిగారూ, మీ ఆటలో ఇద్దరు గల్లంతయ్యారు."

"ఎవరండీ?"

"ఈగలంత వాళ్ళు. ఇనాన్న కింద చచ్చిపోయి కొక్కేనికి వేలాడుతుంటే, ఎన్‌కి దేవుడు తన గోళ్ళ కింది మట్టి తీసి ఇద్దర్ని చేసి పంపిస్తాడు కదా. వాళ్ళు తలుపు సందులోంచి దూరి వెళ్ళేసరికి పాతాళపు రాణి నొప్పులతో మూలుగుతుంటుంది. ఆవిడ 'అయ్యో నా వెన్ను' అంటే, వీళ్ళు 'అయ్యో నీ వెన్ను' అంటారు. అంతే. నాతోపాటు బాధపడ్డవాళ్ళు ఇన్నాళ్ళకు కనిపించారు, ఏం కావాలో కోరుకోండి అంటుందావిడ. వాళ్ళు ఇనాన్నను అడుగుతారు. ఇదంతా ఏది?"

"తీసేశానండీ."

"ఎందుకని?"

"పాచిక వెయ్యడానికి అందులో ఏముంది చెప్పండి? ఒకరు మూలగడం, ఇంకొకరు వంత పాడటం. ఆ భాగ్యానికి ఆట దేనికి, ఆసుపత్రి వరండాలో కూర్చుంటే సరిపోదూ? అందుకే ఏడో ద్వారం దగ్గర యుద్ధం పెట్టాను."

"అక్క ఆటలో పోయింది ఆ యుద్ధంలోనే కదా?" అన్నాడు కండక్టరు. అనేశాక నాలుక కరుచుకున్నాడు.

మేస్త్రి గోళ్ళ వంక చూసుకున్నాడు.

నాలుగేళ్ళ కిందటి ఆ సాయంత్రం అక్క లాండ్రీ నుంచి నేరుగా వచ్చింది. పొద్దుటినుంచీ ఇస్త్రీ యంత్రం ముందు నిలబడి నిలబడి, కుర్చీలో కూలబడింది. ఆరు ద్వారాలు దాటింది. కాగితం మీద ఆరు వస్తువులు చెరిపేసింది. ఏడోదాని దగ్గర పెన్సిలు కింద పెట్టి, "అలిసిపోయానురా," అంది.

"పాచిక వెయ్యక్కా," అన్నాడు.

వేసింది. ఒకటి పడింది. ఒకటి పడితే చావు.

"నియమం నియమమే కదక్కా," అన్నాడు.

"నిజమేరా," అని నవ్వింది. కాగితం మీది రబ్బరు పొట్టు ఊదేసి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. నెల తిరక్కుండా బస్సులో మూడు గంటల దూరాన ఉన్న ఊళ్ళో, అదే పనిలో చేరింది. పోట్లాట ఏమీ లేదు. పోట్లాడినా బాగుండేది, రాజీకైనా వెళ్ళేవాడు.

ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాడు. నడుం నొప్పంటే పట్టీ కట్టుకో అంటాడు. కాళ్ళ వాపంటే చెప్పులు మార్చు అంటాడు. ఎప్పుడొస్తావు అంటే "చూద్దాంలేరా" అంటుంది. రెండు నిమిషాల్లో మాట అయిపోతుంది. ఆయనకు కావలసింది ఒకటే: ఒక్క శనివారం ఆమె వచ్చి ఆ కుర్చీలో కూర్చోవడం.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే దుకాణంలో కూర్చుని ఫోన్ చేశాడు.

"ఊఁ, చెప్పు."

"ఎలా ఉన్నావక్కా?"

"ఉన్నాను. నడుం పీకేస్తోంది."

కొత్త రకం పట్టీ సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"అయ్యో, నీ నడుం."

"ఏంటీ?"

"ఏం లేదు. నీ నడుం అంటున్నాను."

"కాళ్ళు కూడా. సాయంత్రానికి దుంగలైపోతున్నాయి."

"అయ్యో, నీ కాళ్ళు."

"వెటకారమా?"

"ఒట్టు, కాదక్కా."

ఆమె గొంతు మారింది. "ఒరేయ్, ఇవి ఈగలు కదూ?"

"ఈగలేనక్కా," అన్నాడు మేస్త్రి.

"వాటిని ఆటలోంచి పీకేశావుగా."

"పీకేశాను."

"అన్నం కలుపుతూ అన్నిసార్లు చెప్పానే. నాకు ఆ కథ మొత్తంలో నచ్చింది వాళ్ళిద్దరే. ఎందుకు పీకేశావురా?"

"పాచిక వెయ్యడానికి ఏం లేదని."

ఆమె నవ్వింది. నవ్వు సగంలో తెగింది. ఆ తర్వాత తనే మాట్లాడింది. ఆవిరికి చేతుల మీద రోమాలు రాలిపోయిన సంగతి; కొత్త సూపర్‌వైజరు పేరు పెట్టి కాక నంబరు పెట్టి పిలిచే సంగతి; తడి దుప్పటి ఎత్తబోయి అక్కడే కూర్చుండిపోతే, ఇద్దరు ఆమెను దాటుకుని వెళ్ళిన సంగతి. నలభై నిమిషాలు. షట్టరు తీయలేదని ఎవరో రెండుసార్లు కొట్టి వెళ్ళారు. మేస్త్రి "అయ్యో" తప్ప ఒక్క సలహా ఇవ్వలేదు. పెదవులు బిగబట్టి కూర్చోవడం లెన్సు అరగదీయడం కన్నా కష్టమైంది.

ఎప్పుడొస్తావు అని కూడా అడగలేదు.

ఫోన్ పెట్టేసే ముందు ఆమే అంది: "నా కుర్చీ కాలు ఇంకా ఊగుతోందా?"

"ఊగుతోంది."

"అట్టముక్క పెట్టరా. ఎన్నిసార్లు చెప్పాలి?"

ఫోన్ కట్టయింది. మేస్త్రి టీచరమ్మ రాసిన పాతాళం అధ్యాయం తీశాడు. యుద్ధం ఉన్న పేజీ మొత్తం అడ్డంగా కొట్టేసి, మార్జిన్‌లో పెన్సిలుతో రాశాడు: "ఇక్కడ పాచిక లేదు. వినాలి."

తర్వాత లెన్సులు వచ్చిన అట్టపెట్టె చించి, ముక్కను నాలుగు మడతలు పెట్టి, మోకాళ్ళ మీద వంగి నాలుగో కుర్చీ కాలి కింద దోపాడు. రెండు చేతులూ సీటు మీద వేసి గట్టిగా అదిమి చూశాడు. ఇంకా కొద్దిగా ఊగింది. ఇంకో మడత పెట్టాడు.