దసరాకు బొట్టు పెట్టిన ఫోను

1999 ఎండాకాలం. మహబూబ్‌నగర్ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఫాల్టుల విభాగం నా చేతిలో ఉండేది. పాలమూరు ఎండ ఎరిగినవాళ్లకు దాని గురించి చెప్పక్కర్లేదు, ఎరగనివాళ్లకు చెప్పినా లాభం లేదు. ఆ ఎండలో నేనూ, మా లైన్‌మన్ ఖాజా భాయ్ ఒకే ఇంటికి పదే పదే తిరిగాం. ఆ ఇల్లు శశికళది.

శశికళ డిగ్రీలో నా బెంచీయే. లెక్కల్లో నేను ఫస్టు, ఆమె నా తర్వాత. ఈ సంగతి ఇక్కడ ఎందుకంటారా? చెప్పాలనిపించింది, చెప్పాను. పెళ్లయ్యాక ఆమె కంప్యూటర్ కోర్సు చేసి, హైదరాబాద్ కంపెనీ ఒకదానికి ఇంట్లో కూర్చునే పనిచేసేది. రెండువేల సంవత్సరం వస్తే పాత ప్రోగ్రాములు తారీఖులు తప్పుతాయని అందరూ కంగారుపడుతున్న రోజులవి. ఆ తారీఖులు దిద్దడం ఆమె పని. జీతం నాకంటే ఎక్కువని మా ఆఫీసులో చెప్పుకునేవారు. అదీ నా ముందే. ర్యాంకు నాది, ఫ్యాను గాలి ఆమెది. కడుపు మండదా మరి?

ఆమె కంప్యూటర్ మోడెమ్ ద్వారా కంపెనీ కంప్యూటర్‌తో కలిసేది. మోడెమ్ అంటే కంప్యూటర్ సమాచారాన్ని ఫోను తీగ మీద పోయే శబ్దంగా మార్చే పెట్టె. ఇంట్లోంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి పోవడానికి ఇప్పటి పిల్లలు వాడే వీపీఎన్‌కు దీన్ని అవ్వ అనుకోండి. శశికళ కంప్లైంటు ఒక్కటే: మధ్యాహ్నం కాగానే కనెక్షన్ తెగిపోతోంది. మళ్లీ కలిపితే మళ్లీ తెగుతోంది.

ఎక్స్ఛేంజీ నుంచి లైన్ టెస్టు చేస్తే అంతా బాగుంది. స్తంభం నుంచి ఇంటికొచ్చే డ్రాప్ వైరు మార్చాం. గోడ మీది రోజెట్, అంటే తీగలు కలిసే చిన్న డబ్బా, అదీ మార్చాం. అదే తీగకు ఇంకో ఫోను సమాంతరంగా ఉంటే, అది ఎత్తగానే మోడెమ్ తెగిపోతుంది. అందుకని మొదటి రోజే అడిగాను.

"ఇంట్ల ఇంకో ఫోను ఉన్నదా, శశీ?"

"లేదు సుగుణా. గీ ఒక్కటే."

"అంటే లైన్ల తప్పు లేదు. నీ కంప్యూటర్‌దే తప్పు."

"కంపెనీవోళ్లు లైన్‌దే తప్పంటున్నరు. శనివారం దాక చూస్తరట. గప్పటికి ఆగకుంటె నా పని ఇంకొకరికిస్తరట. ఇది పోతె నాకు గిసొంటిది మల్ల దొరకదే."

దొరకదని నాకూ తెలుసు. దొరికేదైతే నేనెప్పుడో పట్టుకునేదాన్ని.

బయటికొచ్చాక ఖాజా భాయ్ నవ్వాడు. "మేడం, మీ దోస్తు మీద మీకు కోపమా, లైన్ మీదనా?"

"నువ్వు నిచ్చెన పట్టుకో భాయ్."

శుక్రవారం మధ్యాహ్నం భోజనాల తర్వాత శశికళ తలుపేసుకుని పనిలో కూర్చుంది. నేను వరండాలో రోజెట్‌కు చేతిఫోను తగిలించాను. కనెక్షన్ చెడకుండా లైన్‌లో శబ్దం వినడానికి లైన్‌మన్లు వాడేది అది. చెవిలో మోడెమ్ రొద సన్నగా సాగుతోంది. కాసేపటికి టక్కుమంది. రొద ముక్కలైంది. ఆ వెనకే ఒక ఊపిరి, ఒక ముసలి గొంతు.

"ఎవడ్రా నువ్వు? మాట్లాడవేంది? పొద్దంత గీ సప్పుడేనా?"

లోపలి నుంచి శశికళ కేక: "పోయింది! మల్ల పోయింది!"

నేను నేరుగా వెనక గదిలోకి నడిచాను. మంచం మీద శశికళ అత్త. పక్కన ముక్కాలిపీట మీద పాత నల్ల ఫోను. దాని కుట్టుపూల గుడ్డ పక్కకు తీసి ఉంది. ఫోను ఒంటి మీద పసుపు, కుంకుమ బొట్లు, ఎండిన బంతిరేకు. గంట ఎప్పుడో మోగడం మానేస్తే అందరూ అది చచ్చిందనుకున్నారట. దసరాకు ఆయుధపూజలో తప్ప దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పూజలో పెట్టేదాన్ని ఫోనుగా లెక్కేస్తారా? శశికళా లెక్కేయలేదు. తీగ మాత్రం మంచం వెనక నుంచి లైన్‌కు కలిసే ఉంది.

"ఏం జేస్తున్నవమ్మా?" అన్నాను.

"ఇంటున్న. నా ఫోను నేను ఇనొద్దా? మా ఆయన ఎన్నేండ్లు ఆఫీసుల సుట్టు తిరిగితె వచ్చిందో నీకెరుకనా?"

"ఎవరి మాటలు ఇంటున్నవ్?"

"గదే తెలుస్తలేదు బిడ్డా. ఇదివరకు అన్నం తిన్నంక కోడలు గీ మంచం మీదనే కూసుండేది. ఇద్దరం నవ్వుకునేటోళ్లం. ఇప్పుడు తలుపేసుకొని వానితోనే. వాడు నాకన్న ఎక్కువనా?"

గుమ్మంలో నిలబడి శశికళ అంతా విన్నది. మొహం ఎర్రబడింది. "గా వైరు తెంపెయ్ సుగుణా."

"తెంప."

"ఎందుకు?"

"ఫోను ఆమెది గనక. ఇంటోళ్లందరి ముచ్చట్లు తీసుకపోయి ఒక డబ్బాల పోసుకుంటివి. ఇప్పుడు వైరు గూడ కావాల్నా నీకు?"

ముసలామె వైపు మాట్లాడానా, నా వైపా? రెండూ ఒకటే. శశి వేసుకున్న ఆ తలుపు బయటే మేమిద్దరం నిలబడి ఉన్నాం. ఆమె దగ్గర ఫోనుంది, అంతే తేడా.

మా దగ్గర ఒక స్విచ్చు పెట్టె ఉండేది. ఇటు తిప్పితే ఒక ఫోనుకు, అటు తిప్పితే ఇంకో దానికి లైను పోతుంది. దాన్ని ఖాజా భాయ్ శశికళ బల్ల దగ్గర బిగించబోతే ఆపి, అత్త మంచం పక్కన గోడకు బిగించమన్నాను.

"గక్కడెందుకే?" అంది శశికళ.

"లైను కావాల్నంటె వచ్చి అడుగు."

శనివారం ఖాజా భాయ్‌ని తీసుకుని నేనే వెళ్లి చూశాను. భోజనాలయ్యాక శశికళ వెనక గదిలోకి పోయి మంచం మీద కూర్చుంది. ఏదో చెప్పింది, ముసలామె పకపకా నవ్వింది. తర్వాత, "అత్తమ్మా, లైను ఇయ్యరాదు" అంది. ముసలామె తాపీగా స్విచ్చు తిప్పి, "తీస్కో పో" అంది. సాయంత్రం దాకా లైను తెగలేదు. కంపెనీ ఆ పనిని ఆమెకే ఉంచింది.

నేను వచ్చేస్తుంటే ముసలామె నా నెత్తి కేసి చూసింది. "గింత సదువు సదివి ఎండల తిరుగుతున్నవ్, పాపం. మా శశి సూడు, ఇంట్లనే."

ఖాజా భాయ్ నిచ్చెన చాటున నవ్వు మింగాడు.

అప్పటి నుంచి లైను తెగుతోందని ఎవరు కంప్లైంటు ఇచ్చినా, తీగల సంగతి తర్వాత, మొదట ఒకటే అడిగేదాన్ని: మీరు తలుపేసుకుంటే బయట మిగిలేది ఎవరు? నన్ను వదరుబోతు అనుకున్నవాళ్లున్నారు. అనుకోనీ. ఆ ఒక్క ప్రశ్నతో చాలా ఇళ్లలో వైరు మార్చే పని తప్పింది.

శశికళ జీతం ఎంతో మాత్రం ఈ రోజుకూ నేను అడగలేదు. అడిగితే చెప్తుంది. అదే నా భయం.