అందరంటున్నరు

కొత్త పుస్తకం తెరిస్తే వచ్చే సిరా వాసనకు ఇప్పటికీ నా ప్రాణం చివుక్కుమంటుంది. మొన్న మనుమరాలి ఇంగ్లీషు పుస్తకానికి పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేస్తున్నాను. కొత్త కాగితం కొనడం దండగ. ఆ పిల్ల పక్కన కూర్చుని జంటమాటలు వల్లె వేస్తోంది: పాపులర్ బిలీఫ్, జనరల్ ఒపీనియన్, కామన్ వ్యూ. అన్నిటికీ అర్థం ఒకటేనట, నలుగురూ అనుకునేది అని. ఒక్క సంగతికి ఇన్ని మాటలు ఖర్చు పెట్టాలా? మా చిన్నప్పుడు ఆర్మూర్‌లో ఒక్క మాటతోనే పని గడిచేది: "అందరంటున్నరు."

ఎనభైల్లో మా ఇల్లు ఊరి చివర, పసుపు చేలను ఆనుకుని ఉండేది. శివరాత్రి దగ్గరపడే రోజుల్లో పసుపు తవ్వి, మట్టి దులిపి, పెద్ద కడాయిల్లో నీళ్లు పోసి, పైన గోనెసంచులు కప్పి ఉడకబెడుతుంటే ఆ ఆవిరి వాడంతా కమ్ముకుని, తినే అన్నంలోనూ, కప్పుకునే దుప్పట్లోనూ, మా జడల్లోనూ అదే వాసన నిలిచిపోయేది. అమ్మ వేపపుల్ల గుచ్చి ఉడికిందో లేదో చూస్తుంటే, మేము పొయ్యి నిప్పుల్లో గెనుసుగడ్డలు కాల్చుకుని, నోరు కాలుతున్నా ఊదుకుంటూ తినేవాళ్లం. ఎండబెట్టిన కొమ్ములను కాళ్లతో తిరగేయడం ఆడపిల్లల పని. బడిలో పసుపెక్కిన నా పాదాలు చూసి "పెండ్లిపిల్ల వచ్చింది" అని నవ్వేవారు. నాకు పట్టింపు లేదు. ఐదో తరగతి లెక్కల్లో నన్ను మించినవాళ్లు లేరు.

ఆరో తరగతి చదవాలంటే పసుపు అమ్మే గంజ్ దాటి పెద్ద బడికి పోవాలి. మా నాన్నను బాపు అనేవాళ్లం. ఒకనాడు అన్నం తింటూ చెప్పాడు.

"వద్దు బిడ్డా. గంజ్ నడుమకెల్లి బడికి పోయే పోరికి సంబంధాలు రావని అందరంటున్నరు."

అదే గంజ్‌లో మా పసుపు కుప్ప మీద గొడ్లు పడకుండా పొద్దంతా కట్టె పట్టుకుని కూర్చునేది నేనే. అప్పుడెవరూ ఏమీ అనలేదు. అందరూ అంటే ఎవరు? వాళ్లను వెతికి ఒప్పించుకుంటే బాపు పంపుతాడనుకున్నాను. ప్రతి కుప్పకూ యజమాని ఉన్నట్టు మాటకూ ఉంటాడనుకునే వయసది.

ముందు పక్కింటి నర్సవ్వను అడిగాను.

"నేనెందుకంటనే పోరీ? నా నోట్లె మన్ను వడ! గా సావుకారి అంటుండట."

సావుకారి అంటే గంజ్‌లో మా పసుపు అమ్మిపెట్టే అడ్తిదారు. మరునాడు ఆయన మా కుప్పలోంచి ఒక కొమ్ము విరిచి రంగు చూస్తుంటే, దగ్గరికి పోయి అడిగాను. బొజ్జ ఊగేలా నవ్వి, చుట్టూ ఉన్న రైతులంతా వినేలా బాపును కేకేశాడు.

"ఓ గంగారాం! నీ బిడ్డ నన్ను పంచాయితికి పిలుస్తుంది సూడు. గా మాట మొన్న నువ్వే గదనయ్యా నాతోని అన్నది!"

"బారిష్టర్ సదివిస్తున్నవా ఏంది, గంగన్నా?" అని ఇంకెవరో అందుకున్నారు.

హమాలీలు బస్తాలు దించి మరీ నవ్వారు. బాపు భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. చెమటేమీ లేదు. ఎప్పుడూ గట్టిగా బేరమాడే మనిషి, ఆ పొద్దు సావుకారి చెప్పిన ధరకు తలూపాడు.

దారంతా తిడతాడని ఎదురుచూశాను. తిట్టలేదు. వెనక్కి తిరగకుండా నా ముందు నడిచాడు. ఇల్లు కనబడగానే నేనే అన్నాను.

"నేను బడికి పోను బాపూ."

"మంచిది బిడ్డా."

ఆయన గొంతు అంత మెల్లగా పలకడం అప్పుడే మొదటిసారి విన్నాను.

ఇప్పుడు ఆ కడాయిలు లేవు. ఆవిరి పట్టే యంత్రాలు చేలోకే వస్తాయి. గడ్డలు కాల్చుకునే నిప్పులూ లేవు, నిప్పుల చుట్టూ చేరే పిల్లలూ లేరు. గంజ్ మీదుగా ఆడపిల్లలు సైకిళ్ల మీద బడికి పోతున్నారు. ఏం చదివావని ఎవరైనా అడిగితే మాత్రం నా చూపు ఇంకా నేలకే పోతుంది. ఆ మధ్య నర్సవ్వ, పండు ముసలిది, తన మనుమరాలు డిగ్రీలో చేరిందని మురిసిపోతుంటే, వెనకటి మాట గుర్తుచేశాను.

"గట్లెవరన్నరే? గసుంటి మాట ఎవరన్న అంటరా?" అంది, నిజంగానే ఆశ్చర్యపోయి.

నేను కొంగు సర్దుకుని లేచాను. అన్నవాళ్లలో ఒక్కరికీ గుర్తులేని మాటకు ఇన్నేళ్లూ సిగ్గుపడుతూ బతికింది నేనొక్కదాన్నే.