పీపాలో కొన్న వైన్, డబ్బాలో పచ్చకర్పూరం

మా ఇంట్లో వైన్ ఎవరూ తాగరు. అయినా మొన్న గురువారం నేను దుబాయ్ శివారులోని జెబెల్ అలీ వెళ్లింది ఒక వైన్ సీసా మూత తీస్తుంటే చూడటానికే. మా ఆఖరి తమ్ముడు మురళి దుబాయ్‌లో ఒక హోటల్లో గిన్నెలు కడిగే పనిలో చేరి, వైన్ విభాగం దాకా ఎదిగాడు. మేలురకం వైన్‌ను సీసాల్లో నింపకముందే, పీపాల్లో ఉండగానే రుచి చూసి కొనేస్తారట. సరుకు చేతికి రావడానికి రెండేళ్లు పైనే పడుతుంది. అలా వాడి మాట నమ్మి హోటల్ ముప్పై పెట్టెలు కొన్నది. అవి ఇప్పుడు గోదాముకు చేరాయి. మొదటి సీసా బాగుంటే ఆ విభాగం వాడి చేతికి వస్తుంది. లేకపోతే వాడి మాట ఇంకెవరూ వినరు. "పెద్దక్కా, నువ్వు పక్కనుంటే చాలు" అన్నాడు ఫోన్లో.

ముందురోజే నేనుండే రువైస్ నుంచి బస్సులో వచ్చి బర్ దుబాయ్‌లో వాడి ఫ్లాట్‌లో దిగాను. తెల్లవారుజామునే లేచి చక్కెర పొంగలి వండి, పచ్చకర్పూరం కాస్త ధారాళంగానే వేసి, నైవేద్యం పెట్టి స్టీలు డబ్బాలో సర్దుకున్నాను. మురళి హోటల్ బండిలో ముందే వెళ్లాడు. నేను ఏడింటికి మెట్రో ఎక్కాను. జెబెల్ అలీకి ఏడున్నర దిర్హాములు, దాదాపు గంట. అక్కడ దొరికిన టాక్సీ డ్రైవరు జగిత్యాల అతను.

"ఎటు పోవాలక్కా?"

"ముందు గుడికి. తర్వాత వైన్ గోదాముకు."

అద్దంలో నన్ను ఒకసారి చూశాడు. "పదేండ్ల సంది బండి తోల్తున్న. గీ రెండు జాగలు ఒక్క ట్రిప్పుల అడిగినోళ్లు లేరు."

"ఇవాళ అడిగాను కదా, నాయనా."

గుడి దగ్గర పావుగంట ఆగాడు. అంతా కలిపి మీటరు నలభై రెండు దిర్హాములు.

గోదాము గేటు దగ్గర మురళి నిలబడి ఉన్నాడు. ఏమీ తినలేదని ముఖమే చెప్పింది. డబ్బా తీసి వాడి అరచేతిలో ఒక ముద్ద పెట్టాను.

"ఇప్పుడా అక్కా?"

"ప్రసాదం రా."

కళ్లకద్దుకుని తిన్నాడు. చేయి రుమాలుతో తుడుచుకున్నాడు.

లోపల చలి. వాడి మేనేజరు డిసౌజా గారిది గోవా. అందరూ ముదీర్ అనే పిలుస్తారు, అరబ్బీలో మేనేజరని. మురళి సీసా తెరిచి గ్లాసులో పోసి ఇచ్చాడు. ఆయన వాసన చూసి గ్లాసు కింద పెట్టేశారు.

"మురళీ, ఇస్‌మే దవాయి కీ బూ హై."

మందుల వాసనట. మురళి తనూ ఒక గుక్క తీసుకున్నాడు. ముఖంలో రంగు పోయింది. నాకు ఆ మాట వినగానే తెలిసింది. ఒళ్లోని డబ్బా మూత సరిగా పడలేదు. పచ్చకర్పూరం గదంతా కమ్మేసింది. వాడి చేతికీ నోటికీ కూడా అదే.

"సాబ్, గల్తీ మేరీ హై," అని తప్పు నా మీద వేసుకుని లేచి, డబ్బా బయట పెట్టి వచ్చాను.

"ఇంటి వాసనే కదా, నా ముక్కుకు తట్టలేదక్కా" అన్నాడు మురళి. చేతులు కడుక్కుని, నోరు పుక్కిలించి, గది తలుపు పావుగంట తెరిచి ఉంచి, కొత్త గ్లాసులో పోశాడు. ముదీర్ వాసన చూశారు. తాగారు. కళ్లు మూసుకున్నారు. నేను లోపల దేవుణ్ణి తలుచుకుంటూ ఉన్నాను. కళ్లు తెరిచి సీసాను మురళి వైపు జరిపారు.

"కల్ సే పూరా సెక్షన్ తుమ్హారా." రేపటి నుంచి విభాగమంతా వాడిదేనట.

తర్వాత బయటికొచ్చి, నా డబ్బాలో పొంగలి రెండుసార్లు అడిగి తిన్నారు.

పీపాలో ఉన్నప్పుడు దాన్ని నమ్మినవాడు మా తమ్ముడు. గిన్నెలు కడిగే రోజుల్లో వాణ్ణి నమ్మినదాన్ని నేను. రెండూ పండాయి. మీరెవరైనా ఇలాంటి గోదాము చూడటానికి వెళితే గేటు పాసు ముందే రాయించుకోండి, ఎమిరేట్స్ ఐడీ, శాలువా మరవద్దు. తలలో పూలు, సెంటు వద్దు. ప్రసాదం మాత్రం తప్పకుండా తీసుకెళ్లండి, పెట్టడం బయటికొచ్చాకే.