పాపను నిద్రపుచ్చే ల్యాప్‌టాప్

మణికొండలో నాగేశ్వరి వాళ్ల మూడో అంతస్తు ఫ్లాట్‌లోకి మధ్యాహ్నం అన్నాలయ్యాక సముద్రం వచ్చేది. పడగ్గదిలో కర్టెన్లు వేసి, పొట్టి బల్ల మీదున్న పాత ల్యాప్‌టాప్ తెరిచి ఆమె ఒక మీట నొక్కగానే తెర మీద నీళ్లు కదిలేవి. ముందు సన్నటి మడతలు, తర్వాత అలలు, ఆ తర్వాత అలల మీద అలలు. విశాఖలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివేటప్పుడు ప్రాజెక్టు కోసం తనే రాసుకున్న ప్రోగ్రాం అది. నీటిని వేలవేల చుక్కలుగా విడగొట్టి, ఒక్కో చుక్క పక్క చుక్కని ఎంత తోస్తుందో లెక్కగట్టి బొమ్మగా చూపిస్తుంది. ఆ లెక్కల బరువంతా లోపలున్న గ్రాఫిక్స్ చిప్పు మోయాలి. మోయలేక అది వేడెక్కేది. దాన్ని చల్లార్చడానికి ఫ్యాన్ హోరుమనేది. ఆ హోరు గదంతా నిండేసరికి ఉయ్యాల్లో రసజ్ఞ కళ్లు మూతలు పడేవి.

రసజ్ఞకి ఏడాది దాటింది. జోలపాట పాడితే నవ్వుతుంది. ఉయ్యాల ఊపితే లేచి కూర్చుంటుంది. భుజాన వేసుకుని తిప్పితే తల్లి జుట్టు పీకుతుంది. ఆ హోరు మొదలైతే మాత్రం ఎవరో పిలిచినట్టు అటు తిరిగి, ల్యాప్‌టాప్ పక్కనుంచి వచ్చే వెచ్చటి గాలికి అరచెయ్యి చాపి, అలాగే వాలిపోతుంది. గాలి తగిలేంత దగ్గరగా, చెయ్యి మాత్రం మిషన్‌కి తగలనంత దూరంగా నాగేశ్వరి ఉయ్యాలని జరిపి పెట్టుకుంది.

తణుకులో నీటిపారుదల శాఖలో పనిచేసే చలపతిరావుగారి రెండో అమ్మాయి నాగేశ్వరి. చిన్నప్పుడు కాలవగట్టు మీద నిలబడి నీళ్లలోకి రాయి విసిరి, వలయాలు అవతలి గట్టుకి చేరేదాకా కదిలేది కాదు. ఆ ఇష్టమే ఆమెని ఫిజిక్సులోకి లాక్కెళ్లింది. ల్యాప్‌టాప్ తండ్రి కొనిచ్చింది. పెళ్లయి శ్యామ్‌తో హైదరాబాదు వచ్చేటప్పుడు మడతపెట్టిన చీరల మధ్య దాన్ని పడుకోబెట్టి తెచ్చుకుంది. కోకాపేటలో బడిపిల్లల సైన్సు పాఠాలకి కదిలే బొమ్మలు చేసే కంపెనీలో ఉద్యోగం దొరికింది. పాప పుట్టాక ఇంటినుంచే పని. పాప నిద్రపోతేనే పని సాగేది. పని సాగి మిషన్ వేడెక్కితేనే పాప నిద్రపోయేది.

తర్వాత కంపెనీవాళ్లు కొత్త ల్యాప్‌టాప్ ఇచ్చారు. పలచగా, చల్లగా, ఊపిరి ఉందో లేదో తెలియనట్టు ఉంటుంది. పనంతా దాని మీదికి మారింది. పాతదానికి ఇక సముద్రం నడపడం తప్ప వేరే ఉద్యోగం లేదు.

"అందరూ పిల్లల్ని నిద్రపుచ్చి పని చేసుకుంటారు," అనేవాడు శ్యామ్. "నువ్వు కంప్యూటర్‌తో పని చేయించి పిల్లని నిద్రపుచ్చుతున్నావు నాగూ."

"నువ్వు నిద్రపుచ్చు, దాన్ని కట్టేస్తాను."

"నేనేమన్నాను? సముద్రం బాగుంది అన్నాను."

ఆ సముద్రంలోకి మార్పు నెమ్మదిగా వచ్చింది. ఓ మధ్యాహ్నం నీళ్ల మీద ఊదారంగు గడులు తేలాయి. కొన్నాళ్లకి పైనుంచి కిందికి ఆకుపచ్చ గీతలు దిగాయి, వానలాగా. నాగేశ్వరికి నిద్ర కళ్లతో అవి చూడటం ఇష్టంగానే ఉండేది. తను ఏదో తెలియని గ్రహం మీద తీరాన కూర్చున్నట్టు, అక్కడి వాన ఆకుపచ్చగానే కురుస్తుందన్నట్టు అనిపించేది. కానీ అవి గ్రాఫిక్స్ చిప్పు చావు కబుర్లని ఆమెకి తెలుసు. వేడికి ఉబ్బి, చల్లారి ముడుచుకుని, ఏళ్ల తరబడి అలా అయ్యీ అయ్యీ చిప్పు కింది టంకం చుక్కలు పగుళ్లిస్తాయి. చదువుకున్న మనిషి కనక భయమూ వివరంగానే పడేది. ఉబ్బుతుందేమోనని బ్యాటరీ ముందే తీసేసింది. నీళ్లరంగుల కుంచెతో గాలి సందుల్లో దుమ్ము దులిపేది. వెనక వైపు కింద నీళ్లసీసా మూతలు పెట్టి ఎత్తు చేసింది. కాసేపటికోసారి వెనక్కి తిప్పిన చేత్తో దాని అడుగు తాకి చూసేది. వెంటనే అదే చెయ్యి రసజ్ఞ నుదుటి మీద పెట్టి చూసేది.

ఫ్యాన్ చప్పుడు ఫోన్లో రికార్డు చేసి వినిపించింది. రసజ్ఞ ఫోన్ లాక్కుని నోట్లో పెట్టుకుంది. చప్పుడు లేకుండా వేడినీళ్ల సంచీ పెట్టి చూసింది. పాప దాన్ని తన్నింది. రెండూ కలిపి పెట్టినా పని జరగలేదు. ఏ ఒక్కటి మారినా ఫలితం రావడం లేదని తేలింది. ల్యాబు ప్రయోగాల్లో అయితే అది మంచి ఫలితమే.

అలా ఉండగా ఆఫీసునుంచి మేనేజరు ఫోన్ చేసింది. వచ్చే సోమవారం నుంచి అందరూ కోకాపేట రావాల్సిందేనట. పగలు పిల్లల్ని చూసుకునే క్రెష్ ఒకటి పక్క సందులో ఉంది. శుభ్రంగా ఉంది, ఫీజూ కట్టారు. నాగేశ్వరికి పాప అన్నం గురించి బెంగ లేదు, ఏడుపు గురించీ లేదు. నిద్ర గురించే బెంగ. మధ్యాహ్నం కునుకు పడకపోతే రసజ్ఞ సాయంత్రానికల్లా ఒళ్లు వెచ్చబడి, తిన్నది కక్కేస్తుంది. అది రెండుసార్లు చూసింది. మూడోసారి తను పక్కన లేకుండా జరుగుతుందేమో అన్న ఆలోచనే ఆమెని ఉన్నచోట ఉండనివ్వడం లేదు.

కాబట్టి ల్యాప్‌టాప్ కూడా క్రెష్‌కి వెళ్లాలని నిర్ణయించుకుంది.

"పాలసీసా, డైపర్లు, ల్యాప్‌టాప్," అన్నాడు శ్యామ్. "క్రెష్‌లో దీనికీ ఫీజు కట్టాలేమో."

అయితే అది అప్పటికి మధ్యలో ఆగిపోవడం మొదలుపెట్టింది. తెర నల్లబడి, ఫ్యాన్ దిగిపోయి, గది ఒక్కసారిగా ఖాళీ అయ్యేది. పాప ఉలిక్కిపడి లేచేది. నాగేశ్వరి దాన్ని రామాంజనేయులు షాపుకి పట్టుకెళ్లింది. ఆయనది కదిరి. మణికొండ మెయిన్ రోడ్డు మీద టిఫిన్ సెంటరు పక్కన ఆయన షాపు. నుదుటి మీద భూతద్దం, చెవి మీద స్క్రూడ్రైవరు.

"ఏమైంది మేడం దీనికి?"

"స్క్రీన్ మీద గీతలండీ. ఒక్కోసారి నల్లగా అయిపోతుంది. స్క్రీన్ సంగతి వదిలేయండి. మధ్యలో ఆగకుండా చూస్తే చాలు."

"స్క్రీన్ వదిలేసి ఇంకేం చూడల్ల మేడం?"

"ఫ్యాన్ బాగా తిరగాలి."

"సద్దు ఎక్కువుందనే కదా మీ బాధ?"

"కాదండీ. చప్పుడు ఉండాలి."

రామాంజనేయులు భూతద్దం పైకి నెట్టి ఆమెని చూశాడు. "సద్దు తగ్గించమని వచ్చినోళ్లే గానీ, ఉండల్ల అనేవాళ్లను ఇదే చూడ్డం."

నాగేశ్వరికి అసలు సంగతి చెప్పడానికి నోరు రాలేదు. షాపులో ఇంకో ఇద్దరు కుర్చీల్లో కూర్చుని వింటున్నారు. "అలవాటైపోయిందండీ," అని గొణిగి వచ్చేసింది. పాపం బాగుచేయించే దిక్కులేక ఆ గోలకి అలవాటుపడిపోయింది అనుకున్నాడాయన. మనసు పెట్టి చేశాడు.

శుక్రవారం వెళ్లేసరికి ల్యాప్‌టాప్ తళతళలాడుతోంది.

"రండి మేడం. చెవి పెట్టి వినండి."

ఆమె వంగి చెవి పెట్టింది. "ఏమీ వినపడట్లేదండీ."

"అదే కదా నేను చెప్పేది." ఆయన మొహం వెలిగిపోయింది. "ఆ గ్రాఫిక్స్ చిప్పు పనైపోయింది. వేడి గాలి కొట్టి అతికిస్తే కొన్నాళ్లు నడుస్తాది, మళ్లా పోతాది. అందుకని దాన్ని పూర్తిగా ఆపేసినా. ప్రాసెసర్‌లోనే చిన్న గ్రాఫిక్స్ ఒకటి ఉంటాది. దాంతో నడిపిస్తాండా. వేడి లాగే పేస్టు మార్చినా, దుమ్మంతా తీసినా. ఇంక చల్లగా బతుకుతాది."

ఇంటికొచ్చి సముద్రం నడిపింది. ఊదా గడులు లేవు, ఆకుపచ్చ వాన లేదు. ఆ చిన్న గ్రాఫిక్స్‌కి బలం చాలక అలలు తేనెలో కదిలినంత నింపాదిగా లేచి, లేచినచోట కాసేపు ఆలోచించి, మెల్లగా ఒరిగేవి. అంత అందంగా ఆ ప్రోగ్రాం ఎప్పుడూ కనపడలేదు. నాగేశ్వరి దానికేసి చూస్తూ ఎక్కడికో వెళ్లిపోయింది. తిరిగొచ్చేసరికి రసజ్ఞ ఉయ్యాల్లో నిలబడి, కడ్డీ పట్టుకుని, తనూ సముద్రం చూస్తోంది. సాయంత్రం ఒళ్లు వెచ్చబడింది.

శనివారం పొద్దున్నే మళ్లీ షాపుకి వెళ్లింది. ఈసారి కుర్చీల్లో ఎవరూ లేరు. ఉన్నదున్నట్టు చెప్పింది.

"ముందే చెప్పింటే నేనేమన్నా నవ్వుతానా మేడం?" అని రామాంజనేయులు నవ్వాడు.

"ఆ చిప్పు మళ్లీ ఆన్ చేసేయండి."

"చెయ్యొచ్చు, దాందేముంది." నవ్వు ఆపి, వెనక మూత విప్పి చూపించాడు. చిప్పు చుట్టూ బోర్డు గోధుమరంగులోకి తిరిగి ఉంది. "ఇంతగా కాగింది. మీ బల్ల మీద పెట్టుకుంటానంటే ఇప్పుడే ఆన్ చేసిస్తా. బిడ్డ ఉయ్యాల పక్కన అంటే నా చేత్తో చెయ్యను. తిట్టుకున్నా సరే."

ఆమె తిట్టుకోలేదు. అరచేత్తో ఆ గోధుమ మచ్చని ముట్టుకుని, ఇన్నాళ్లూ రసజ్ఞ చెయ్యి చాపిన గాలి ఇక్కడినుంచేనా అనుకుంది.

సోమవారం ఆఫీసుకి పూట సెలవు చెప్పి క్రెష్‌లోనే కూర్చుంది. అన్నాలయ్యాక పిల్లల్ని నిద్రగదికి చేర్చారు. కిటికీలకి నీలం గుడ్డ కట్టి ఉంది. లోపల వెలుగు నీళ్ల అడుగున ఉన్నట్టు ఉంది. నిద్రగది రత్నమ్మది. బోరబండనుంచి వస్తుంది, బొద్దుగా, తీరిగ్గా ఉంటుంది. ఒక్కో పరుపు దగ్గరా కూర్చుని, ఏదో చేసి లేస్తోంది. చివరికి రసజ్ఞ దగ్గరికి వచ్చింది.

"మీ బిడ్డ దేనికి పండుతదమ్మా?"

"అంటే?"

"గా పిల్లగాడు మిక్సీ సప్పుడు ఇంటెనే పండుతడు. గా మూలకున్నోనికి లిఫ్టు తలుపు కొట్టుకోవాలె. గీ పొట్టిదానికైతే వాళ్ల నాయిన మీటింగుల మాట్లాడే ఇంగ్లీషు కావాలె. నాకు ఇంగ్లీషు యాడొస్తది? ఓకే ఓకే, హలో హలో అని గులుగుత. పండుతది."

నాగేశ్వరి చుట్టూ చూసింది. మిక్సీ పిల్లవాడు నోరు తెరిచి నిద్రపోతున్నాడు. తమ ఒక్క ఇంట్లోనే ఉందనుకున్న సంగతి ఈ గదిలో పరుపుకొకటి ఉంది.

"ల్యాప్‌టాప్ ఫ్యాన్," అంది మెల్లగా.

రత్నమ్మ నవ్వలేదు. "ఎట్లుంటది? జర చేసి చూపెట్టు."

"నేనా?"

"మరి నేను ఇన్ననా దాన్ని?"

నాగేశ్వరి ఆఫీసు బట్టల్లో, మెడలో కార్డుతో, పరుపు పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పెదవులు గుండ్రంగా చేసి ఊదింది. మొదట గాలే వచ్చింది. రెండోసారి గొంతులోంచి సన్నగా హోరు పుట్టింది. అది ఎలా లేస్తుందో ఆమెకి తెలుసు: అడుగునుంచి మొదలై, మెట్టు మెట్టుగా ఎక్కి, పైన ఒకచోట నిలబడుతుంది. చిప్పుకి ఊపిరాడని క్షణంలో కొంచెం జారి, మళ్లీ అందుకుంటుంది. ఆ జారడం కూడా చేసింది. చేస్తుంటే గదిలో వెలుతురు కదిలినట్టయింది. గోడలు, పరుపులు, నీలం గుడ్డ, అన్నీ మెల్లగా ఒకదాన్నొకటి తోసుకుంటూ అలలైనట్టు అనిపించింది.

రసజ్ఞ తిరిగింది. ఎక్కడినుంచి వస్తోందా అని వెతికి, తల్లి నోటికెదురుగా అరచెయ్యి చాపింది.

"ఊపిరి తీస్కో తల్లీ, పడిపోతవ్," అంది రత్నమ్మ.

ఆమె ఊపిరి తీసుకునేసరికి పాప చెయ్యి పరుపు మీదికి జారింది.

తర్వాత రత్నమ్మ నేర్చుకుంది. మొదట రైలు వచ్చింది. "గిది రైలు లెక్కుంది," అని తనే ఒప్పుకుంది. తర్వాత ప్రెషర్ కుక్కర్ వచ్చింది. "కొంచెం లోపలికి. గట్టిగా కాదు, వెచ్చగా," అంది నాగేశ్వరి. "మధ్యలో జారాలి. అక్కడే దానికి నిద్ర పడుతుంది." రత్నమ్మ కళ్లు మూసుకుని, చెయ్యి గాలిలో అలలా ఆడిస్తూ చేసింది. వచ్చీ రానట్టు వచ్చింది.

మంగళవారం నాగేశ్వరి కోకాపేటలో ఉంది. ఇరవయ్యో అంతస్తు అద్దాల అవతల, దూరంగా గండిపేట నీళ్లు ఎండకి తెల్లగా మెరుస్తున్నాయి. అన్నం డబ్బా మూత తీసి, తినకుండా అలాగే కూర్చుంది. ఈ పాటికి పిల్లల్ని నిద్రగదికి చేర్చి ఉంటారు. రైలు కూసి ఉంటుంది, కుక్కర్ కూసి ఉంటుంది, రసజ్ఞ లేచి కూర్చుని ఉంటుంది. ఫోన్ మోగింది. క్రెష్ నంబరు. డబ్బా పక్కకి నెట్టి ఎత్తింది.

"హలో, ఏమైంది?"

అటునుంచి మాట లేదు. హోరు వినపడింది. అడుగునుంచి లేచి, పైన నిలబడి, ఒక చోట చిన్నగా జారి, మళ్లీ అందుకుంది. నాగేశ్వరి ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడిపోయింది. మీటింగుకి టైమైందని ఎవరో పిలిస్తే, ఒక్క నిమిషం అని చెయ్యి ఎత్తింది.

హోరు సన్నబడి ఆగింది.

"పండింది," అంది రత్నమ్మ గుసగుసగా. "మస్తుగ పండింది, సప్పుడు చేయకు. నువ్వు బుక్కెడు తిని నీ పని చూస్కో. నాకే నిద్రొస్తుంది ఇగ."