పైన నిలబడ్డ మనిషి

ఈసారి సెలవుకి కలకత్తా వచ్చిన మూడో రోజున, ఖిదిర్‌పూర్ బజారులో కూరలు ఏరుకుంటుంటే ఆ వాసన వచ్చి తగిలింది. రోడ్డు మధ్య ఎవరో మ్యాన్‌హోల్ మూత తీశారు. చుట్టూ ఉన్నవాళ్ళు ముక్కులు మూసుకుని తప్పుకున్నారు. కూరలమ్మే అతను ఒక తిట్టు తిట్టి, గోనెపట్టా లాగి బుట్టల మీద కప్పాడు. నేను మాత్రం సంచీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. కుళ్ళిన గుడ్డు వాసన, తడిసిన పాత ఇటుకల వాసన. లారీ మీద తెచ్చిన యంత్రమేదో గొట్టం వేసి పని కానిచ్చేస్తోంది, లోపలికి మనిషెవరూ దిగడం లేదు. అయినా నా కళ్ళు గొయ్యి పక్కన తాడు పట్టుకుని నిలబడే మనిషి కోసం వెతికాయి. సముద్రం అడుగుకి మనుషుల్ని తీసుకెళ్ళి, తిప్పి, మళ్ళీ పైకి తీసుకురావడం నా ఉద్యోగం. అలాంటిదాన్ని బజారులో మురుగు గొయ్యి చూసి వణికానంటే మీకు నవ్వొస్తుందేమో, నవ్వండి.

నా కళ్ళు వెతికిన మనిషి పేరు అప్పన్న. మాకు చుట్టం కాదు. మా నాన్నా ఆయనా శ్రీకాకుళం వైపు నుంచి ఒకేసారి ఈ ఊరొచ్చి, ఒకే వరస క్వార్టర్లలో పక్కపక్క గదుల్లో కాపురాలు పెట్టారు. నాన్నది చెత్త లారీ మీద పని, ఆయనది మురుగు కాలవల ముఠాలో పని. నాకు ఆయన మావయ్య, బెంగాలీ వాళ్ళకి అప్పన్నదా, అంటే అప్పన్న అన్న. పొట్టి మనిషి, మొరటు గొంతు, ఎవరైనా ‘బాగున్నావా’ అంటే అనుమానంగా చూసేవాడు. నేను ఎరిగినప్పటి నుంచీ ఆయన గోతిలోకి దిగగా చూడలేదు. దిగే మనిషి నడుముకి కట్టిన తాడు రెండో కొస తన మణికట్టుకి చుట్టుకుని పైన నిలబడేవాడు. ముందు మూత తీసి గంటసేపు గాలాడనిచ్చేవాడు. తరవాత లాంతరు దింపి దీపం ఆరుతుందో లేదో చూసేవాడు. అప్పుడు మనిషిని దింపేవాడు. ఎర్రజెండా యూనియన్ బాబు వచ్చి తొందరపెట్టినా సరే ఆ గంట గంటే.

మనిషి దిగాక ఇక ఆయన నోరు ఊరుకునేది కాదు. వచ్చీరాని బెంగాలీలో లోపలికి అరుస్తూ ప్రశ్నలు వేసేవాడు. నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయి, ఎడమ పక్క గోడ ఎలా ఉంది, కాలికి ఏం తగులుతోంది. వాళ్ళు విసుక్కుంటూనే జవాబు చెప్పేవారు. ఒకరోజు నేను స్నేహితురాళ్ళతో కాలేజీకి వెళ్తుంటే మా దారిలోనే ముఠా పని చేస్తోంది. ఆయన నన్ను పలకరిస్తాడేమోనని నేను తల తిప్పుకున్నాను, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. లోపల ఉన్నది నిమాయ్ అనే కుర్రవయసు మనిషి. ఈయన ఏదో అడిగాడు, అతను ‘ఊఁ’ అన్నాడు. మళ్ళీ అడిగాడు, మళ్ళీ ‘ఊఁ’. అంతే, ఈయన మిగతా ఇద్దరినీ కేకేసి తాడు లాగేశాడు. నిమాయ్ ఒళ్ళంతా బురదతో, మోచేతులు గీరుకుపోయి పైకొచ్చి బండబూతులు అందుకున్నాడు. నోటి నిండా ఖైనీ పొగాకు ఉందిట, అందుకని మాట్లాడలేదుట. రోడ్డు మీద జనమంతా పగలబడి నవ్వారు.

సాయంత్రం కుళాయి దగ్గర నేనే అడిగాను.

“ఊఁ అన్నాడు కదా మావయ్యా, ఎందుకు లాగేశావు?”

“ఊఁ అన్నాడని జవాబు సెప్పినట్టేటే గుంటా? మత్తెక్కినోడు కూడా ఊఁ అంటాడు. సచ్చిపోతన్నోడు కూడా అంటాడు. ఎడం పక్క ఏటున్నాదో సూసి సెప్పాలంటే బుర్ర పన్జెయ్యాల. అందుకే అడుగుతాను.”

ముసలాడి చాదస్తం అనుకుని బిందె ఎత్తుకున్నాను. ఆ మాట నాకు బాగా గుర్తుంది, కాని గుర్తుండవలసిన చోట మాత్రం గుర్తు రాలేదు.

నేను నీళ్ళలోకి ఎలా వచ్చానో రెండు మాటల్లో చెప్పేస్తాను. స్కూలు తరఫున ఈత పోటీలకు వెళ్ళాను, తరవాత ఒక ఈత క్లబ్బులో పిల్లలకు నేర్పాను. అక్కడి ఒకావిడ ద్వారా అండమాన్‌లో ఒక స్కూబా డైవింగ్ దుకాణంలో పని దొరికింది. మా ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉన్న రేవులో ఓడెక్కి వెళ్ళాను. మొదట సిలిండర్లు కడిగాను, రబ్బరు దుస్తులు ఆరేశాను, రెండేళ్ళు అలా చాకిరీ చేసి చివరికి ఇన్‌స్ట్రక్టర్ పరీక్ష ప్యాసయ్యాను. క్వార్టర్లలో మా అమ్మ స్వీట్లు పంచింది. మూడు వారాలు తిరగకుండానే పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చేశాను. ఎందుకొచ్చావంటే విదేశాల్లో ఉద్యోగం చూసుకుంటానన్నాను. అందరూ నమ్మారు.

జరిగింది వేరు. ఒక పెద్దాయన, బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి, పది మీటర్ల లోతులో నా పక్కన ఉన్నాడు. నీటి కింద మాటలుండవు. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుడితే ‘బాగున్నావా’ అని, అవతలి మనిషి అలాగే చుడితే ‘బాగున్నాను’ అని అర్థం. నేను చుట్టాను, ఆయన చుట్టాడు. మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ చుట్టాడు. మూడోసారి ఆయన మొహానికి బిగించిన డైవింగ్ కళ్ళద్దాల్లో సగానికి నీళ్ళు నిండి ఉన్నాయని నేను చూశాను, అయినా వేళ్ళనే నమ్మి చూపు తిప్పుకున్నాను. మరుక్షణం ఆయన నోట్లోని గొట్టం ఉమ్మేసి పైకి దూసుకుపోయాడు. నేను కాళ్ళు పట్టుకుని వేగం తగ్గించాను, చేతనైనంత చేశాను. పడవలో పడుకోబెట్టినప్పుడు ఆయన పెదవులు నీలంగా ఉన్నాయి, నోటి నుంచి నురగ వచ్చింది. బతికాడు. ఆసుపత్రి నుంచి నాకు థాంక్స్ కూడా చెప్పి పంపాడు. తప్పు నాది కాదని దుకాణం యజమాని అన్నాడు. కాని నాకు తెలుసు. ఆ రోజు నుంచి నీళ్ళంటే కాదు, నీళ్ళలో నా పక్కనుండే మనిషంటే భయం పట్టుకుంది. ఆ కథ ఎవరికీ తెలియని సముద్రానికి పోతే భయం కూడా ఇక్కడే ఉండిపోతుందనుకున్నాను.

రోజూ ఖిదిర్‌పూర్ కూడలి దగ్గర సైబర్ కేఫ్‌లో కూర్చుని ఊరూ పేరూ తెలియని దీవులకు ఉత్తరాలు పంపేదాన్ని. అనుభవం చాలదని కొందరు, జర్మన్ భాష రావాలని కొందరు, మీ పాస్‌పోర్టుకి వీసా తేలేమని కొందరు. జవాబు రాకపోతే ఏడుపొచ్చేది. వస్తే మాత్రం, వెంటనే తెరిచేదాన్ని కాదు, ఎందుకంటే ‘రండి’ అని ఉంటే నిజంగా వెళ్ళాలి. చివరికి మాల్దీవుల్లో ఒక చిన్న డైవింగ్ సెంటర్ నడిపే ఆవిడ నుంచి జవాబు వచ్చింది. ఫోన్లో మాట్లాడతానంది. మీ విద్యార్థులతో మీకు ఎదురైన అన్నిటికంటే చెడ్డ రోజు గురించి అడుగుతాను, ఆలోచించి ఉంచండి అని రాసింది. నేను ఆలోచించి ఒక చక్కని అబద్ధం తయారు చేశాను. ఒకమ్మాయి కాలికి తిమ్మిరెక్కిందనీ, నేను నిదానంగా విడిపించాననీ. అందులో నేను చాలా తెలివైనదాన్ని.

ఆవిడ ఫోన్ చేస్తానన్న రోజున బంద్ వచ్చి పడింది. బస్సుల్లేవు, దుకాణాల్లేవు, రేవు వైపు లారీల చప్పుడు కూడా లేదు. అంత నిశ్శబ్దంలో గదిలో ఉండలేక ఫోను పట్టుకుని బయటికొచ్చాను. అప్పన్న మావయ్య తన గడప మీద కూర్చుని తాడులో విడిపోయిన పురులు మళ్ళీ పేనుతున్నాడు. పక్కన కూర్చోమన్నాడు.

“ఏటి, పోను కోసమా? ఏటడుగుతారంట?”

చెప్పాను. నా అబద్ధం కూడా తెలుగులో అప్పజెప్పాను, అలవాటు కోసం. ఆయన తాడు పేనుతూనే విన్నాడు.

“ఆ పిల్ల అప్పుడు ఏ సేత్తో నిన్ను పట్టుకున్నాది?”

నేను తడబడి, కుడి చేత్తో అన్నాను.

“కళ్ళెలగున్నాయి?”

నేను ఫోను అటూ ఇటూ తిప్పాను.

“అంతా బాగానే జరిగినాదా?”

“ఊఁ,” అన్నాను.

ఆయన తాడు ఒళ్ళోంచి తీసి కింద పెట్టాడు. కోప్పడలేదు. మెల్లిగా, గోతిలోకి అరిచే గొంతు ఇదేనా అనిపించేంత మెల్లిగా అడిగాడు. “గుంటా, ఇప్పుడు నీ కళ్ళ ముందర ఏటి కనబడతంది? అది సెప్పు.”

నీలంగా ఉన్న పెదవులు అన్నాను. ఆ తరవాత మొత్తం చెప్పేశాను, ఏడుస్తూ, ముక్కు చీదుకుంటూ, మూడుసార్లు చుట్టిన సున్నాతో సహా. నువ్వు చెప్పిన మాట నాకు తెలిసి కూడా అడగలేదు మావయ్యా అన్నాను. నీ గాలి ఎంత మిగిలిందని వేళ్ళతో అడిగి ఉంటే ఆ పెద్దాయన చెప్పలేకపోయేవాడు, నాకు తెలిసిపోయేది.

మావయ్య తాడు మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నాడు. “నాకు మాత్తరం పుట్టుకతో తెలుసేటి?” అన్నాడు. “కొత్తలోన నాతోటోడు ఒకడు, గున్నయ్యని, నోపలికి దిగినాడు. తాడు నా సేతిలోనే ఉంది. బాగున్నావేట్రా అన్నాను, ఊఁ అన్నాడు. మల్లా అడిగినాను, ఊఁ అన్నాడు. సరేలే అని నాను బీడీ ముట్టించుకున్నాను.” అక్కడ ఆపేశాడు. గున్నయ్య అనే పేరు మా క్వార్టర్లలో అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. బీడీ వాసన వస్తే ఆయన లేచి వెళ్ళిపోవడం మాత్రం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను.

“నాకు భయంగా ఉంది మావయ్యా. ఈ భయం పోయేదాకా ఎవరినీ నీళ్ళలోకి దింపకూడదేమో.”

“పోయినాక దింపుతావేటి? పోతే దింపకు. ఉన్నన్నాళ్ళూ దింపు. పైన నిలుసున్నోడికి భయముండాల. ఆడు భయపడితేనే నోపలోడు నిమ్మలంగా పని సేసుకుంటాడు. నాను ముప్పయ్యేళ్ళ బట్టి భయపడతన్నాను, ఇదే నా ఉజ్జోగం.”

ఫోను మోగింది. ఆయనే గడప మీంచి తీసి నా చేతిలో పెట్టాడు. ఆవిడ అడగవలసిందే అడిగింది. నా పక్కన కూర్చున్న మనిషికి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు, అబద్ధం చెప్పినా ఆయనకు తెలిసేది కాదు. అయినా ఉన్నదున్నట్టు చెప్పాను, కళ్ళద్దాల్లో నీళ్ళు చూసి కూడా వేళ్ళని నమ్మానని చెప్పాను. తరవాత ఆవిడ, ఆలోచించుకుని రాస్తాను అని ఫోను పెట్టేసింది. నా పని అయిపోయిందనుకున్నాను. ఇంట్లో అమ్మకి చెప్పే ధైర్యం లేక ఆ రోజంతా ఆయన పక్కనే కూర్చుని తాడు పేనాను. ఎంత వంకరగా పేనానంటే మర్నాడు ఆయన అదంతా విప్పి మళ్ళీ పేనుకున్నాడుట.

రెండు వారాల తరవాత జవాబు వచ్చింది. మూడు నెలలు చూస్తానంది. ఆ మూడు నెలలూ ఎవరినీ ఒంటరిగా దింపకూడదు, పాత ఇన్‌స్ట్రక్టర్ వెనకాల ఉండాలి, పడవ మీద తలలు లెక్కపెట్టాలి. ఈ పనికి అడిగినవాళ్ళందరూ తమ గొప్పే చెప్పారు, నువ్వొక్కదానివే చూసింది చూసినట్టు చెప్పావని కింద ఒక వాక్యం రాసింది. విమానం ఎక్కిన రోజున అమ్మానాన్నా ఏడ్చారు. అప్పన్న మావయ్య డ్యూటీకి వెళ్ళిపోయాడు. నేను అక్కడ చేరిన రెండో ఏడు ఆయన జబ్బు చేసి పోయాడని నాన్న ఫోన్లో చెప్పాడు. నాకు సెలవు దొరకలేదు.

అక్కడ నా కింద నేర్చుకున్నవాళ్ళు నన్ను చాదస్తపుదంటారని నాకు తెలుసు. నేను సున్నా చుట్టి ఊరుకోను. నీ గాలి ఎంత, మనం ఎంత లోతులో ఉన్నాం, నీ జతగాడు ఎటు ఉన్నాడు, చూపించు అంటాను. చూపించకపోతే ఎవరేమనుకున్నా పైకి తీసుకొచ్చేస్తాను. నిమాయ్ తిట్టినట్టే తిడతారు, కాకపోతే నాకు రాని భాషల్లో. పొద్దున్నే పడవెక్కే ముందు భయంతో ప్రతి సిలిండరూ రెండుసార్లు చూసుకుంటాను. ఆ భయం ఇన్నేళ్ళలో ఒక్క పిసరు తగ్గలేదు, నేను తగ్గించుకోవడానికి చూడలేదు.

కిందటేడు ఒకరోజు మాత్రం అది లేదు. సముద్రం పళ్ళెంలో నీళ్ళలా కదలకుండా ఉంది, వచ్చిన నలుగురూ ఈత బాగా తెలిసినవాళ్ళు, నేను కూనిరాగం తీస్తూ సిలిండర్లు బిగిస్తున్నాను. సగంలో చేతులు ఆగిపోయాయి. జేబులు తడుముకున్నట్టుగా లోపలంతా వెతుక్కున్నాను, భయం ఎక్కడా లేదు. లేదని తెలిసినా కంగారు పుట్టలేదు. వెళ్ళి సెంటర్ నడిపే ఆవిడతో, ఇవాళ నేను దిగను, ఇంకొకరిని పంపండి అన్నాను. ఒంట్లో బాగాలేదా అంది. బాగుంది, అందుకే అన్నాను. ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసి, మరొకరిని పిలిచింది. వాళ్ళు దిగారు, నేను పడవ అంచున నిలబడి పైకి వచ్చే బుడగలు చూస్తూ ఉండిపోయాను. ఐదుగురివీ ఐదు చోట్ల వస్తున్న బుడగలు కాసేపటికి నాలుగు చోట్లే కనిపించాయి. ఇద్దరు దగ్గరగా వచ్చి ఉంటారు, అంతే అయి ఉంటుంది, నిజానికి అంతే అయింది. కాని అది తేలేదాకా భయంతో పడవ అంచుని ఎంత గట్టిగా పట్టుకున్నానంటే గోరు విరిగింది. అందరూ పైకొచ్చి కళ్ళద్దాలు తీసి నవ్వాక, ఆవిడ దగ్గరికి వెళ్ళి రేపటి పనికి నా పేరు రాసుకోమన్నాను.