కొక్కేనికి చిక్కిన రెండు రోజులు

ఫిర్మిన్ వాస్సర్ అర్రాస్ పట్టణంలో జీవితమంతా వాల్‌పేపర్ అమ్మాడు. ఊళ్ళోవాళ్ళ గోడలకు పువ్వులూ చారలూ ఎంచిపెట్టి, తన గోడలకు మాత్రం అమ్ముడుపోని సరుకు అంటించుకున్న మనిషి. అందుచేత అతని ఇంటి భోజనాల గదిలో నాలుగు గోడలూ నాలుగు రకాలు. కిందటి వసంతంలో కొట్టు వేరేవాళ్ళకు అప్పజెప్పి విశ్రాంతి తీసుకున్నాడు. పని మానేసినవాడి దగ్గర బోలెడు తీరిక ఉంటుందని లోకం అనుకుంటుంది. అనుకుని ఊరుకోదు, ఆ తీరికలో తన వాటా కోసం కూడా వస్తుంది.

ప్రతి చలికాలం అతనూ భార్య సొలాంజ్ కారులో దేశాన్ని ఉత్తరపు కొస నుంచి కిందికి దాటి, మాంతోన్‌లో సముద్రపు ఒడ్డున ఉన్న ఆమె అక్క ఇంటికి వెళతారు. దారి చూస్తే తిన్ననిదే. కాని సొలాంజ్ చుట్టాలు దానికి అటూ ఇటూ టోల్‌గేట్లలా పద్ధతిగా స్థిరపడిపోయారు.

దారి మళ్ళి ఒకరింటికి వెళ్ళడాన్ని ఈ దేశంలో 'కొక్కెం వేయడం' అంటారు. "ఎలాగూ ఇటే పోతున్నారుగా, మా ఇంటికో చిన్న కొక్కెం వేసి పొండి" అంటారు. చుట్టం ఇంటికి గంట దూరంలోంచి పోతూ కొక్కెం వేయకపోతే అది మరుపు కిందికి రాదు, యుద్ధప్రకటన కిందికి వస్తుంది. పెళ్ళిళ్ళలోనూ అంత్యక్రియల్లోనూ, ఆ రెంటికీ మధ్య జరిగే ప్రతి భోజనంలోనూ దానిమీద విచారణ నడుస్తుంది. ఫిర్మిన్ ఏళ్ళ తరబడి కొక్కేలు వేశాడు. ఓర్లెయాన్‌లో సొలాంజ్ మేనత్త ఇంటి కాఫీ కాలక్రమంలో భోజనమైంది. కొండల్లో, అలాంష్‌లో ఉండే బావమరిది రేజీస్ ఇంటి భోజనం ఒక రాత్రయింది. ఆ రాత్రి పిల్లల్ని పెట్టి రెండయింది.

ఈసారి అతను ప్రయాణంలో రెండు రోజులు అదనంగా చేర్చాడు. అవి ఎవరివీ కావు. కొండలెక్కే ముందు వచ్చే ఇస్సువార్‌లో, చర్చి ఎదుటి హోటల్లో గది చెప్పాడు. ఏటా ఆ చర్చి గోపురాన్ని కారు అద్దంలోంచి చూడటమే తప్ప ఒక్కసారి దిగిన పాపాన పోలేదు.

"అక్కడేముందని?" అంది సొలాంజ్.

"ఎవరూ లేరు."

"నేనడిగింది ఏముందని."

"అదే చెబుతున్నా."

"సరే, ఆ రెండు రోజులూ నీవే. కాని మా తమ్ముడికి ఈసారి రామని నువ్వే చెప్పాలి. నేను నోరెత్తను" అని సొలాంజ్ తీర్పు ఇచ్చింది.

నవంబరులో చెబుదామని ఫిర్మిన్ ఫోను చేసి, వాతావరణం గురించి మాట్లాడి పెట్టేశాడు. క్రిస్మస్‌కి చెబుదామనుకునేలోగా రేజీసే అందుకున్నాడు: "బావా, పందిని కోయకుండా ఆపాను. మీరొచ్చాకే ముహూర్తం." ఒక ప్రాణి ఆయుష్షు తన రాకతో ముడిపడి ఉందని తెలిశాక, రానని చెప్పడానికి కావలసిన గుండె ఫిర్మిన్‌కు లేదు. వస్తానని చెప్పడానికీ లేదు. ఆ విధంగా ఏమీ చెప్పకుండానే ఫిబ్రవరిలో బయలుదేరి, ఒక మధ్యాహ్నం ఇస్సువార్ చేరారు.

గది బాగుంది. కిటికీ చర్చి వైపు తెరుచుకుంటుంది. సామాను పెట్టి, కిందికి దిగి, కాఫీ హోటల్ బయట ఎండలో కూర్చున్నాడు. తన పేరు తెలిసినవాడు ఆ చుట్టుపక్కల ఒక్కడూ లేడు. ఆ సుఖం ఒక కాఫీ చల్లారేదాకా నిలిచింది.

"ఫోను చేశావా?" అంది సొలాంజ్.

ఫోను తీశాడు. నిజమే చెబుదామని నోరు తెరిచాడు. వచ్చింది వేరు.

"రేజీస్, మేం ఇస్సువార్‌లో ఇరుక్కుపోయాం. ఒకటే మంచు. ఈసారికి రాలేమేమో."

అతనికి ఇరవై ఏళ్ళుగా తెలిసిన విషయం ఒకటి సరిగ్గా ఆ నిమిషంలోనే మరుపున పడింది. రేజీస్ ఉద్యోగం ఆ కొండదారుల మీద మంచు తోసే బండి నడపడం.

"ఎక్కడ బావా మంచు?"

"అంతటానూ."

"పొద్దున ఆ దారంతా తిరిగొచ్చానే. మంచు కరగడానికి చల్లిన ఉప్పు చల్లినట్టే ఉంది."

"ఇప్పుడే మొదలైంది" అన్నాడు ఫిర్మిన్, కళ్ళకు ఎండ తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని.

"కదలకండి. వస్తున్నా."

"వద్దొద్దు, ప్రమాదం."

"ప్రమాదం కాబట్టే నేను రావాలి. లేకపోతే నాకు జీతం ఎందుకిస్తున్నట్టు?"

ఫోను పెట్టేశాక సొలాంజ్ అడిగింది, "ఏమన్నాడు?"

"వస్తున్నాడు."

"పాపం, ఇంత మంచులోనా?" అని ఆమె ముఖం ఎత్తి ఎండకు పెట్టుకుంది.

రేజీస్ మంచులో జారకుండా చక్రాలకు గొలుసులు బిగించుకుని మరీ వచ్చాడు. పొడి రాళ్ళమీద అవి చేసిన మోతకు చర్చి వీధంతా తిరిగి చూసింది. బండి వెనక పార, తాళ్ళు, కంబళ్ళు, ఫ్లాస్కులో వేడి సూపు. దిగి ఆకాశం చూశాడు. తన బూట్లు చూసుకున్నాడు. చివరికి బావగారి నల్లకళ్ళజోడు చూశాడు. ఫిర్మిన్ తిట్లకు సిద్ధపడ్డాడు. తిట్లయితే కాస్త నయంగా ఉండేది. రేజీస్ దగ్గరకొచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"భయపడ్డావు కదూ బావా. నాతో అంటే నవ్వుతానా? మీ ఉత్తరాదివాళ్ళకి కొండ కనిపిస్తే చాలు, మంచు దానంతట అదే కనిపిస్తుంది. దీనికి సిగ్గెందుకు?"

ఫిర్మిన్ ముందు రెండే గౌరవస్థానాలు మిగిలాయి, అబద్ధాలకోరు, పిరికివాడు. రెంటినీ తూచి చూసి, రెండోదాన్ని వినయంగా స్వీకరించాడు.

"కాస్త తడబడ్డాను" అన్నాడు.

హోటల్ నడిపే ఆమెతో రేజీసే మాట్లాడాడు. మా బావకు కొండలంటే ఆందోళన అని గొంతు తగ్గించి చెబితే, ఆమె ఫిర్మిన్‌ను జాలిగా చూసి, గది వదులుకున్నందుకు అణా కూడా అక్కర్లేదంది. ఫిర్మిన్‌కు తన రెండు రోజులకు వెల కట్టి నష్టం చూసుకునే అవకాశం కూడా పోయింది. "ఈ స్థితిలో నువ్వు స్టీరింగ్ పట్టకూడదు" అని రేజీస్ అతన్ని తన పక్కన కూర్చోబెట్టి, మోకాళ్ళ మీద కంబళి కప్పి, చేతికి సూపు ఇచ్చాడు. వెనక కారు నడుపుతూ వచ్చిన సొలాంజ్ దారి పొడుగునా కిటికీ అద్దం దించుకునే వచ్చింది. వాతావరణం అంత బాగుంది.

మర్నాడు పందిని కోశారు. భోజనానికి వచ్చిన ఇరుగుపొరుగు ఒక్కొక్కరే ఫిర్మిన్‌తో చేయి కలిపి, తమ చిన్నప్పుడు పడిన మంచు గురించి చెప్పి ధైర్యమిచ్చారు. ఒక ముసలాయన తనకు పిడుగులంటే భయమని ఒప్పుకున్నాడు కూడా.

రేజీస్ గ్లాసు ఎత్తాడు. "బావా, ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. అక్క చెప్పింది, ముందుచూపుతో రెండు రోజులు అదనంగా పెట్టుకొచ్చావు చూడు, అది తెలివంటే. ఇక ప్రతి ఏడూ అలాగే పెట్టుకో. ఇస్సువార్‌కి నేనొచ్చి తీసుకొస్తా. ఆ రెండు రోజులూ మా ఇంట్లోనే."

ఫిర్మిన్ ఏదో అనబోయాడు.

"పెట్టుకుంటాడు" అంది సొలాంజ్.

రేజీస్ భార్య జిల్బెర్త్ వేడివేడి పంది సాసేజీల పళ్ళెంతో ఫిర్మిన్ వెనక నిలబడి ఉంది. ఫిర్మిన్ తన ప్లేటును అరచేత్తో మూశాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని, మెత్తగా పక్కకు పెట్టి, వడ్డించింది.