పడవల హాలు మీది కొంగ

మా పిన్నికి కొత్త ఇల్లు చూపించండి, ఆవలిస్తుంది. పెచ్చులూడిన గోడ చూపించండి, పెళ్ళికూతుర్ని చూసినట్టు చూస్తుంది. సముద్రం ఒడ్డున మూతపడ్డ ఈతకొలను, తుప్పు పట్టిన దీపస్తంభం, తలుపుల్లేని పాత హోటలు, అన్నిటి ముందూ మడత కుర్చీ వేసుకుని బొమ్మలు గీస్తుంది. అదీ ఉన్నది ఉన్నట్టు! పగులుంటే పగులు, మరకుంటే మరక. ఒకసారి బుద్ధి గడ్డి తిని నా బొమ్మ గీయమన్నాను. గడ్డం మీది పులిపిరి కూడా వదల్లేదు మహాతల్లి.

మా బాబాయి తాపీమేస్త్రి. ఆవిడ గీసే పగుళ్ళు పూడ్చడమే ఆయన బతుకుతెరువు.

"సగమే గీశానయ్యా, ఆ గోడ జోలికెళ్ళకు" అంటుంది ఆవిడ.

"నువ్వు గీసేలోపు అది నా నెత్తిన పడుతుందే" అంటాడు ఆయన.

రోజూ ఇదే గొడవ. కానీ ఆవిడ కుర్చీ మోసుకెళ్ళి నీడలో వేసి వచ్చేది మాత్రం ఆయనే.

పోయిన గాలివానకి పడవల హాలు ముందుగోడ కూలింది. ఒకప్పుడు పడవ ఎక్కేవాళ్ళు కూర్చునే హాలు అది. పిన్నికి ప్రాణం. మునుపు ఎలా ఉందో అలాగే కడితే ఉంచుతాం, లేదంటే మొత్తం కూల్చి షాపులు కడతాం అన్నారు మున్సిపాలిటీ వాళ్ళు. అది విని పిన్ని నోరు మూతపడింది. ఆవిడ తిట్టకపోతే మా ఇల్లు ఇల్లులా ఉండదు. బాబాయి హడలిపోయి ఆ పని తన నెత్తికెత్తుకున్నాడు.

కానీ మునుపు ఎలా ఉందో ఎవడికి తెలుసు? ఊళ్ళోవాళ్ళ ఫోటోలన్నీ తిరగేశాం. అన్నిట్లోనూ ఇకిలించే మొహాలే, వెనక హాలు పైభాగం ఒక్కదాంట్లోనూ లేదు. బాబాయి సంగతి సరేసరి, పునాదులు చూడ్డమే తప్ప తలెత్తి పైకి చూసిన మనిషి కాదు. చివరికి పిన్ని గీసిన బొమ్మే దిక్కయింది.

"మీ పిన్ని లేనిది గీయదమ్మా" అని నాతో అని, దాన్ని చూసుకుంటూ గోడ లేపాడు. పిన్ని మాత్రం అటు తొంగి చూడలేదు. కొత్త సున్నం వాసన అంటే ఆవిడకి తలనొప్పి.

పరంజా విప్పిన రోజు ఆ బొమ్మ పట్టుకుని మున్సిపాలిటీ ఆఫీసరు వచ్చాడు. ఊరు ఊరంతా వచ్చింది. తలెత్తి చూసిన పిన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గోడ నెత్తిన ఒంటికాలి మీద నిలబడి ఉంది, సిమెంటు కొంగ!

"ఓరి నాయనో!" అంది నా చెవిలో. "ఆ రోజు గీస్తుంటే నిజం కొంగొచ్చి వాలిందే అక్కడ!"

నవ్వాపుకోలేక నాకు కడుపునొప్పి పుట్టింది. అంతలో చూద్దును కదా, ఆఫీసరు ఆ కొంగనే చూస్తున్నాడు. అది మునుపు లేదని తేలితే హాలూ పోతుంది, మేస్త్రిగా బాబాయి పరువూ పోతుంది.

"ఇది ముందు నుంచీ ఉందా?" అన్నాడు.

"ఉంది!" అన్నారు అందరూ ఒక్క గొంతుతో. ఐసు అమ్మే ఆయనైతే చిన్నప్పుడు దాన్ని రాళ్ళతో కొట్టేవాణ్ణని కూడా చెప్పాడు. ఎంత అబద్ధం!

ఆఫీసరుకి నమ్మకం కుదరలేదు. పిన్ని వైపు తిరిగాడు. "బొమ్మ గీసింది మీరేగా, మీరు చెప్పండమ్మా."

మా మొహాలు చూసి బాబాయికి అప్పటికి సంగతి అర్థమైంది. తాపీ పట్టుకుని, గాజుగ్లాసు పగలగొట్టిన పిల్లాడిలా నిలబడ్డాడు. పిన్ని ఒకసారి కొంగని చూసింది, ఒకసారి ఆయన్ని చూసింది.

"నేను గీస్తున్నప్పుడు అక్కడే ఉందండీ. లేనిది నేను గీయను."

"అయితే హాలు ఉంటుంది" అన్నాడు ఆఫీసరు. జనం ఈలలు వేశారు. నేనూ వేశాను, సిగ్గెందుకు!

ఇంటి దాకా బాబాయికి అక్షింతలే.

"బతికున్న కొంగకీ బొమ్మ కొంగకీ తేడా తెలీదా నీకు? పైగా ముక్కు వంకర!"

"నువ్వు గీసిందే వంకర."

"దాని ముక్కే వంకరయ్యా!"

మర్నాడు పొద్దున్నే ఆయన కుర్చీ భుజాన వేసుకుని, ఇవాళ ఎక్కడ వెయ్యాలని అడిగాడు. పిన్ని పెన్సిల్ చెక్కుకుంటూ, నీ కొత్త గోడ ముందు వెయ్యి అంది.